చోకు నిండా లాగమన్నది నేనే

1959లో మాచర్లలో నాకొక మోటారు షెడ్డు ఉండేది. షెడ్డంటే నాలుగు సరుగుడు గుంజలు, పైన రేకులు, కింద ఆయిలు తాగి నల్లబడిన నేల. సాగర్ డ్యాము పనులు జోరుగా సాగుతున్న రోజులు. రాళ్ళ లారీలు, జీపులు, యుద్ధం అయ్యాక మిలటరీ వాళ్ళు వేలం వేసిన పాత బండ్లు మా రోడ్డున పగలంతా తిరిగేవి. వాటిలో రోజుకు ఒకటైనా నా షెడ్డు ముందు ఆగకపోతే నాకు అన్నం సహించేది కాదు.

నన్ను అందరూ చెవి మేస్త్రీ అనేవాళ్ళు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని రోగం చెప్పేవాణ్ణి. చాలాసార్లు అది కుదిరేది. కుదిరినప్పుడు నాలుగు రోజులు అదే చెప్పుకునేవాణ్ణి. కుదరనప్పుడు తప్పు డ్రైవరు మీద పెట్టేవాణ్ణి. ఈ రెండో అలవాటు నన్ను ఎక్కడిదాకా తీసుకుపోయిందో ఇన్నేళ్ళకు రాస్తున్నాను.

దుర్గి దాటాక ఒక ఊళ్ళో కోటయ్య గారని మోతుబరి రైతు ఉండేవారు. ఊరి పేరు రాయను, వాళ్ళకు నా పేరు ఇంకా గుర్తుండొచ్చు. ఆయన మిలటరీ వేలంలో ఒక పికప్ కొన్నారు. ముందు ఇద్దరు కూర్చునే సీటు, వెనక పైకప్పు లేని తొట్టి. డ్యాము దగ్గర పనివాళ్ళ క్యాంపులో వంటశాలకు రోజూ పొద్దున ఏడింటికల్లా కూరగాయలు చేర్చే పని ఆయన ఒప్పుకున్నారు. పికప్ అందుకే.

దానికి డ్రైవరు ఏసోబు. నాకంటే పదేళ్ళు పెద్ద. యుద్ధంలో బర్మా వైపు కంచరగాడిదల దళంలో పనిచేసి వచ్చి, తర్వాత లారీ మీద డ్రైవింగు నేర్చుకున్నాడు. గాడిదల అలవాటు పోలేదు. ఎక్కేముందు బండి బానెట్ మీద రెండుసార్లు తట్టేవాడు. "గాడిదకీ దీనికీ తేడా ఏంది మేస్త్రీ అంటే, గాడిద నువ్వు చెప్పేది ఇంటది, చెయ్యదు. ఇది ఇనదు గానీ చేస్తది" అనేవాడు. వాళ్ళ ఊరి చర్చిలో ప్రతి ఆదివారం కానుకల సంచి పట్టుకుని తిరిగేది అతనే. ఆ సంచి ఊరికే ఎవరికీ ఇవ్వరు. సంఘమంతా నమ్మినవాడికే ఇస్తారు.

ఆ పికప్‌కు కార్బొరేటరు బాగుచేసి ఇచ్చింది నేనే. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపేదే కార్బొరేటరు. దాని గొంతులో చోకు అనే చిన్న రేకు ఉంటుంది. డాష్ మీద గుండీ లాగితే ఆ రేకు మూసుకుని గాలి తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువగా వెళ్తుంది. చలికి బిగుసుకున్న ఇంజనుకు పొద్దున్నే ఆ ఎక్కువ పెట్రోలు కావాలి. బండి అప్పజెప్పే రోజు ఏసోబుకు ఇదంతా విప్పి చెప్పాల్సింది. షెడ్డు ముందు ఇంకో మూడు బండ్లు ఆగి ఉన్నాయి. నేను తొందరలో ఉన్నాను.

"ఏమయ్యా, ఎప్పుడు స్టార్ట్ చేసినా చోకు నిండా లాగు. ఇంజను అందుకున్నాక లోపలికి తొయ్యి. అంతే."

"ఎప్పుడు చేసినానా మేస్త్రీ? ఇప్పుడే ఆపి మళ్ళీ తిప్పినా?"

"మేస్త్రీవి నువ్వా నేనా? ఎప్పుడంటే ఎప్పుడే."

ఏసోబు బానెట్ మీద రెండుసార్లు తట్టాడు. "సరే, ఆర్డరు" అని బండెక్కాడు.

మూడు నెలలు బండి బాగానే నడిచింది. మిరపకాయలు కల్లాల్లోకి వచ్చే రోజుల్లో మొదటిసారి తిరిగొచ్చింది. పొద్దున స్టార్టు కావడం లేదట. బండి ముందు దూర్చి తిప్పే హ్యాండిలు కొట్టీ కొట్టీ చేతులు పడిపోతున్నాయట. స్టార్టయినా దడదడ కొట్టుకుంటూ, ఒక సిలిండరు పలికితే ఒకటి పలక్క, నల్లటి పొగ. అరమైలు పోయాక గానీ సర్దుకోదట.

నేను స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాను. పదిహేను మైళ్ళు పరిగెత్తి వచ్చిన ఇంజను, తల్లి ఒళ్ళో బిడ్డలాగా పడుకుంది. ఆ రాత్రికి షెడ్డులోనే ఉంచమన్నాను. పొద్దున చోకు లాగి ఒక్క హ్యాండిలు కొట్టాను. టక్కున అందుకుంది.

"నా దగ్గర మంచిగానే ఉందిగా" అన్నాను.

"నీ దగ్గర మంచిగానే ఉంటది మేస్త్రీ. అత్తగారింటికొచ్చిన అల్లుడిలాగా. మా ఇంటికాడే దానికి తిక్క" అన్నాడు ఏసోబు.

ప్లగ్గులు తీసి చూస్తే మసి. ప్లగ్గంటే సిలిండరులో నిప్పురవ్వ పుట్టించే ముక్క. నాలుగూ మార్చి పంపాను. వారానికి మళ్ళీ వచ్చింది. ఈసారి పాయింట్లు, కండెన్సరు మార్చాను. ఆ నిప్పురవ్వకు వేళ చెప్పేవి పాయింట్లు, వాటికి తోడుండేది కండెన్సరు. పొద్దున మళ్ళీ ఒక్క హ్యాండిలుకే అందుకుంది. నేను గర్వంగా చేతులు తుడుచుకున్నాను. ఐదో రోజున మళ్ళీ వచ్చింది.

మూడోసారి వచ్చినప్పుడు ఏసోబు, "మేస్త్రీ, ఒక్క పొద్దున మా కొట్టం కాడికొచ్చి చూస్తే తెలుస్తదేమో" అన్నాడు.

"నా చెవికి ఇక్కడినుంచే వినపడుద్ది" అన్నాను. అతను ఇంకేదో చెప్పబోయాడు. నేను కిరసనాయిలు పోసిన ఇనప తట్ట ఒకటి అతని ముందుకు తోసి, ఊరికే నిలబడకుండా నట్లు కడగమన్నాను.

మధ్యాహ్నం బస్సులో కోటయ్య గారు దిగారు. అంతకుముందు రోజు కూరగాయలు తొమ్మిదింటికి చేరాయని, వంటశాల వాళ్ళు అందరి ముందూ నిలబెట్టి మాట్లాడారని ఆయన ముఖం ఎర్రగా ఉంది.

"ఏందయ్యా నీ చెవి? మూడుసార్లు తెచ్చాం. దీనికి రోగం ఏందో ఒక్క మాట చెప్పు."

నాకు తెలియదు. తెలియదు అనే మాట నా నోటికి అలవాటు లేదు. చేతిలో మసిపట్టిన ప్లగ్గులున్నాయి. పక్కన ఏసోబు నిలబడి ఉన్నాడు. అతని చేతుల నుంచి కిరసనాయిలు వాసన గుప్పున వచ్చింది. నాకు అంతే చాలింది.

"కోటయ్య గారూ, రోగం ఇంజనుకు కాదు. పెట్రోలులో కిరసనాయిలు కలుస్తోంది. అందుకే ఈ మసి. కలిపేదెవరో నేను చెప్పక్కర్లేదు, వాసన చూడండి."

పెట్రోలు తీసి అమ్ముకుని, ఆ లోటు కిరసనాయిలుతో పూడ్చే డ్రైవర్లు ఆ రోజుల్లో లేకపోలేదు. అందువల్ల నా మాట ఇట్టే అతుక్కుంది. షెడ్డు ముందున్న లారీ వాళ్ళు కూడా తలలూపారు.

ఏసోబు తన చేతులు చూసుకున్నాడు. తట్ట వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపు అర్థం కావడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు, కానీ మాట అప్పటికే నోరు దాటింది. వెనక్కు తీసుకోవాలంటే చెవి మేస్త్రీ పేరు పోతుంది.

"నేను అట్టాటోణ్ణి కాదయ్యా" అన్నాడు కోటయ్య గారితో. అంతే అన్నాడు. తాళాలు బానెట్ మీద పెట్టి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు బండిని రెండుసార్లు తట్టాడు.

పది రోజులు గడిచాయి. ఒక సాయంత్రం పికప్ మళ్ళీ నా షెడ్డు ముందు ఆగింది. నడుపుతున్నది కోటయ్య గారే. అరచేతుల నిండా బొబ్బలు.

"మేస్త్రీ, పెట్రోలు డబ్బాకు నేనే తాళమేశా. బండి నేనే నడుపుతున్నా. కిరసనాయిలు పోయింది, ఏసోబు పోయాడు, రోగం మాత్రం కదల్లా. మరి ఇప్పుడు దొంగెవరు, నేనా?"

నేను బానెట్ ఎత్తబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరేవాళ్ళ దగ్గర తీసుకుంటామన్నారు. అది సరే. ఆ ఏసోబు చర్చిలో సంచి పట్టడం మానేశాడంట. ఎవరూ మానమనలేదు. దొంగన్న మాట పడ్డ చేత్తో దేవుడి సంచి ఎట్టా పట్టుకునేదని తనే మేకుకు తగిలించి వచ్చాడంట. మా వాకిట్లోనే మిరపకాయలు ఏరే కూలికొస్తా తల కూడా ఎత్తట్లా. నేను తప్పు చేశానో లేదో తేల్చు. ఎక్కు బండి."

ఆ సాయంత్రమే ఆయనతో వెళ్ళాను. స్క్రూడ్రైవరు పట్టుకెళ్ళాను గానీ దాని మీద నాకు మునుపటి నమ్మకం లేదు.

పొద్దున్నే చూశాను. పెద్ద ఆవరణ. ఒక మూల కొట్టం. పికప్ ముక్కు గేటు వైపు, వెనక భాగం కొట్టం వైపు. కొట్టం ముందు తాలు మిరపకాయల కుప్ప. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయలు, మంచివాటిలోంచి ఏరి పక్కన పోస్తారు. ఆ కుప్ప పక్కనే నులకమంచం మీద కోటయ్య గారి తల్లి అచ్చమ్మ గారు కూర్చుని ఉంది. డెబ్భై దాటినా ఆ ఇంట్లో గాలి కూడా ఆవిడను అడిగే వీచేది. తాలు ఏరే కూలీల్లో ఏసోబు కూడా ఉన్నాడు. నన్ను చూసి కాయల వైపు తిరిగాడు.

"హ్యాండిలు కొట్టేవాళ్ళు లేరు. ఏసోబూ, రారా" అని కోటయ్య గారు మొహమాటంగా పిలిచారు. తను నడిపిన బండికి ముందు నిలబడి హ్యాండిలు తగిలించాడు ఏసోబు. సీట్లో కోటయ్య గారు చోకు నిండా లాగారు.

ఒక్క హ్యాండిలు. ఇంజను చక్కగా అందుకుంది. రోగమూ లేదు, ఏమీ లేదు. నేను ఆశ్చర్యపోయేలోపే పొగగొట్టం మొదటి ఊపిరి సరిగ్గా తాలు కుప్ప మీద వదిలింది. ఘాటు ధూళి లేచింది. కూలీల్లో ఒకామె హాచ్చిమని తుమ్మింది.

"కాడి దించరా" అంది అచ్చమ్మ గారు.

కోటయ్య గారు వెంటనే ఇంజను ఆపేశారు.

ఎద్దుల బండికి కాడి ఎత్తాక ఎవరైనా ఒంటి తుమ్ము తుమ్మితే, కాడి దించి, ఎద్దులను విప్పి, కాసేపు ఆగి మళ్ళీ కట్టడం ఆ ఇంటి పద్ధతి. రెండు తుమ్ములైతే ఫరవాలేదు. ఇంజను మోగడమంటే కాడి ఎత్తినట్టేనని అచ్చమ్మ గారు ఎప్పుడో తీర్పు చెప్పింది. కాబట్టి తుమ్ము వినపడితే ఇంజను ఆపాలి. అందరూ తుమ్మిన ఆడమనిషి వైపు ఆశగా చూశారు.

"ఇంకోటి రాలేదా?" అంది అచ్చమ్మ గారు.

"రావట్లేదమ్మా" అంది ఆమె అపరాధిలాగా.

కోటయ్య గారు దిగి, నాలుగు గుక్కల నీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కారు. మళ్ళీ చోకు నిండా లాగారు. మూడో హ్యాండిలుకు ఇంజను మూలుగుతూ అందుకుంది. మళ్ళీ పొగ, మళ్ళీ ధూళి. ఈసారి తుమ్మింది అచ్చమ్మ గారే. తన తుమ్ముకు కూడా ఆవిడ మినహాయింపు ఇవ్వలేదు. ముక్కు తుడుచుకుంటూ, "దించు" అంది.

మూడోసారి మళ్ళీ నిండా చోకు. ఇక హ్యాండిలు ఎంత తిప్పినా దగ్గు తప్ప ఏమీ లేదు. పచ్చి పెట్రోలు వాసన కొట్టింది. నేను నేల మీద కూర్చుండిపోయాను.

వేడెక్కిన ఇంజనుకు మళ్ళీ చోకు లాగితే పెట్రోలు ఆవిరి కాకుండా ప్లగ్గులను తడిపేస్తుంది. తడిసిన ప్లగ్గు నిప్పు పుట్టించదు. పుట్టించినా మసి పట్టి, ఒకటి పలికి ఒకటి పలకదు. నా షెడ్డులో మిరప కుప్ప లేదు, తుమ్ము లేదు, ఆపడం లేదు. మిరపకాయలు రాకముందు ఇక్కడా లేదు. మూడుసార్లు సామాన్లు మార్చాను గానీ, పొద్దున బండి ఎట్లా తీస్తారో ఒక్కసారి అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు. తుమ్మితే ఆగడం వాళ్ళకు ఊపిరి పీల్చడం లాంటిది. ఊపిరి పీలుస్తున్నామని ఎవరు చెబుతారు?

"కోటయ్య గారూ, ఇంజను వేడిగానే ఉందిగా. మళ్ళీ చోకెందుకు లాగారు?" అన్నాను, జవాబు తెలిసే.

"నువ్వు చెప్పిందేగా. నేను నడపడం మొదలెట్టిన రోజున ఏసోబును పిలిచి, బండి సంగతులు చెప్పరా అంటే మొదట చెప్పింది అదే. 'ఎప్పుడు స్టార్ట్ చేసినా నిండా లాగాలయ్యా, మేస్త్రీ ఆర్డరు, తప్పమాకండి' అని."

ఏసోబు హ్యాండిలు మీద చెయ్యి పెట్టుకుని నేల చూస్తున్నాడు.

నేను ప్లగ్గులు తీసి తుడిచి, కాసేపు ఆరనిచ్చి బిగించాను. చోకు లోపలికి తోసేసి, యాక్సిలేటరు తొక్కి పట్టమని కోటయ్య గారికి చెప్పి, హ్యాండిలు నేనే కొట్టాను. రెండో దెబ్బకు అందుకుంది. ఎవరూ తుమ్మకముందే ఆయన బండిని గేటు దాకా తీసుకెళ్ళి నిలబెట్టి, తిరిగి నా దగ్గరకు వచ్చారు.

"ఏం చేశావు? ఏంది రోగం?"

ఇక్కడ నా బుద్ధి ఎట్లా పనిచేసిందో దాచకుండా రాస్తాను. నిజం చెబితే తప్పు మూడు రకాలుగా నాదే. కండెన్సరు పేరు చెబితే ఎవరికీ ఏమీ తెలియదు. పదిహేను రోజుల కిందటే కొత్తది వేసినా, కొత్తవీ పాడవుతాయి. చోకు సంగతి ఏసోబు చెవిలో మెల్లగా వేస్తే సరిపోతుంది. అతను దొంగ కాదని కూడా అటూఇటూగా చెప్పొచ్చు. ఇదంతా రెప్పపాటులో అమర్చుకున్నాను.

"అదీ... కండెన్స..." అన్నాను. ఆ మాట పూర్తికాకముందే మిరప ఘాటు ముక్కుకెక్కి ఆవరణ దద్దరిల్లేటట్టు తుమ్మాను. ఒంటి తుమ్ము.

"ఆగబ్బాయ్" అంది అచ్చమ్మ గారు. "ఆ మాట అనమాక. అపశకునం. కూచో. నీళ్ళు తాగు. తర్వాత చెబుదువుగాని."

శకునాల మీద నాకు నమ్మకం లేదు. అయినా ఆవిడ కూచోమంటే కోటయ్య గారే కూచుంటారు. నేనెంత? అరుగు మీద కూర్చుని చెంబెత్తాను. అందరూ నా రెండో తుమ్ము కోసం ఓపిగ్గా చూస్తున్నారు. రాలేదు. గేటు దగ్గర ఏసోబు పికప్ బానెట్ మీద దుమ్ము తుడుస్తున్నాడు. తనది కాని బండి, అయినా తుడుస్తున్నాడు. ఆ చేతులకు అప్పుడు అంటిన కిరసనాయిలు నా తట్టలోదే. చెంబు కింద పెట్టాను.

"ఇంక చెప్పు" అంది అచ్చమ్మ గారు.

చెప్పాను. చోకు సంగతి, నేను ఇచ్చిన ఆర్డరు, అతను అడిగిన ప్రశ్న, నేను కసిరిన మాట, తట్ట, వాసన. మొత్తం చెప్పాను. చివర "ఏసోబన్న చుక్క పెట్రోలు తియ్యలేదు" అన్నాను. అన్నా అని పిలవడం అదే మొదటిసారి.

ముందుగా అచ్చమ్మ గారే అడిగింది. "అయితే తప్పు తుమ్ముది కాదుగా?"

"కాదమ్మా. నాది."

"అదీ. తుమ్ము మీదకి నెడతావేమోనని చూస్తన్నా."

కోటయ్య గారు ఏసోబు వైపు నడిచారు. "ఒరే, నాకు కూడా బుద్ధి లేకపోయింది. నిన్ను అడక్కుండా దొంగవనుకున్నా. నువ్వన్నా ఒక్క మాట చెప్పొద్దూ?"

"చెప్దామనే మేస్త్రీని రమ్మన్నానయ్యా. అప్పుడాయన చెవి ఖాళీ లేదు" అన్నాడు ఏసోబు. తర్వాత కొట్టం వైపు చూపించి, "బండి మొహం ఇటు తిప్పి పెడితే పొగ గేటు పక్క పోద్ది. తుమ్మూ ఉండదు, దించేదీ ఉండదు" అన్నాడు. స్క్రూడ్రైవరు లేకుండా చెప్పాడు.

కోటయ్య గారు తాళాలు చాపారు. ఏసోబు తీసుకోలేదు.

"క్యాంపుకు ఆలస్యమైద్ది, ఈ పూటకు తోలుకుపోతా. రేపటి సంగతి మాత్రం మేస్త్రీ చేతిలో ఉంది. కిరసనాయిలు మాట పదిమందిలో అన్నాడు, అది మా చర్చి దాకా వచ్చింది. కాదన్న మాట కూడా అక్కడి దాకా రావాలి."

ఆదివారం వెళ్ళాను. షెడ్డు ముందు లారీ వాళ్ళకు ముందే చెప్పేశాను, అది తేలికే. చర్చి మెట్ల దగ్గర మాత్రం చెప్పులు విడవడానికే చాలాసేపు పట్టింది. పాస్టరు గారు నన్ను చూసి ఎదురొచ్చి, రెండు చేతులూ పట్టుకుని, ఎన్నాళ్ళనుంచి ఈ ఆలోచన ఉందని, ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారా అని అడిగి, బాప్తిస్మానికి ముందు ఏమేం నేర్చుకోవాలో చెప్పడం మొదలెట్టారు. నేను వచ్చింది కార్బొరేటరు గురించి అని ఆయనకు అర్థం చేయించేసరికి చెమటలు పట్టాయి. తర్వాత అందరి ముందూ నిలబడి, ఆవరణలో చెప్పిందంతా మళ్ళీ చెప్పాను. చోకు అంటే ఏమిటో కూడా చెప్పాను. ఏసోబుకు విప్పి చెప్పనిది ఆ సంఘమంతటికీ విప్పి చెప్పాను.

పాట మొదలైంది. ఏసోబు లేచి వెళ్ళి, మేకుకు తగిలించి ఉన్న సంచి తీసుకున్నాడు. ముందు వరుస వదిలేసి, గుమ్మం దగ్గర నిలబడ్డ నా ముందుకే నేరుగా వచ్చి దాన్ని చాపాడు. ముఖంలో నవ్వు లేదు, కళ్ళలో ఉంది. జేబులు వెతుక్కుంటుంటే, "నిండా లాగు మేస్త్రీ" అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఇంజన్లు బాగుచేశాను. ఎవరు బండి తెచ్చినా బానెట్ ఎత్తేముందు, "పొద్దున ఇంటి దగ్గర ఎట్లా తీస్తారో ఒకసారి చేసి చూపించండి" అని అడిగేవాణ్ణి. సగం రోగాలు అక్కడే బయటపడేవి. స్క్రూడ్రైవరు స్క్రూలు విప్పడానికి వాడుకున్నాను. ఇక ఎవరి మీదైనా ఒక మాట నా నోటిదాకా వస్తే, అక్కడ ఒక తుమ్మంత సేపు ఆపుతాను. అచ్చమ్మ గారు చెప్పినట్టు కాడి దించి, నాలుగు గుక్కల నీళ్ళు తాగుతాను. చాలా మాటలు ఆ నీళ్ళతోపాటే లోపలికి పోతాయి.